రుద్రదేవ మహారాజు – లింగవిచారము

కాకతి గణపతిదేవుని కుమార్తెయగు రుద్రమదేవి 1262 మొదలు 1289 వరకు ఓరుగల్లున రాజ్యము చేసెను. ఆమె కాలపు శాసనములు పెక్కింట “రుద్రదేవ మహారాజు” అను పుంలింగనామమే కానవచ్చుచున్నది. దీనినిబట్టి ఆమె బాల్యమునుండి పురుషవేషమున పెరిగెననియు, ఆమె స్త్రీయను సంగతి లోకమునకు తెలియదనియు కొందరు కల్పించిరి. నవలలును చలచ్చిత్రములును ఆ కల్పనకు ప్రచారము కల్పించినవి. అది నిలువదు. 1261వ సంవత్సరపు మల్కాపుర శాసనము ఆమెను గణపతిదేవుని కుమార్తెగానే పేర్కొనుచున్నది. ఆమె శివలోకప్రాప్తిని తెలుపు 1289 నాటి చందుపట్ల శాసనమున రుద్రమదేవి యనియే యున్నది. మోటుపల్లిరేవు వార్త వ్రాసిన మార్కోపోలో సైతము ఇచట ఏలునది స్త్రీయని యెరుగును. ఆమెను రాజు భార్యగా తలచుటయే యతని పొరపాటు. సముద్రము దాటి వచ్చిన వర్తకునకు తెలిసినది రహస్యమెట్లగును?

మరి పుంలింగమేల? శబ్దలింగము వేరు, వస్తులింగము వేరు. భార్యను చెప్పు “దార” శబ్దము పుంలింగము, నిత్యబహువచనము, “కళత్రము” నపుంసకము. తల్లిదండ్రులను “పితరౌ” అన్నచో తల్లి శబ్దమున మిగులదు, అర్థమున మిగులును. “మహారాజు” అనునదియు నట్టిదే. అది పీఠమునకు పేరు. ఆ పీఠమునకు స్త్రీవాచకము సిద్ధముగా లేదు. గణపతిదేవుడే ఆమెకు రుద్రనామము నిచ్చెనని విద్యానాథుడు ప్రతాపరుద్రీయమున చెప్పినాడు. అనగా నది బహిరంగముగా జరిగిన నామకరణమే కాని మరుగుపరచుట కాదు.

ఈ యూహకు బలమిచ్చునది మహబూబాబాదు ప్రాంతమందలి బయ్యారము. గణపతిదేవుని సోదరి మైలాంబ అచట ధర్మకీర్తిసముద్రమను చెరువును నిర్మింపించి శాసనము నిలిపెను. చోటెరిగి కట్ట కట్టించుట, తూము పెట్టించుట, ఆయకట్టునకు నీరు పారించుట రాజులును సేనానులును కీర్తికై చేయు పని. అయినను మైలాంబ పేరు మారలేదు. తటాకనిర్మాణము సప్తసంతానములలో నొకటి, ధర్మకార్యము. దానికి స్త్రీనామము అడ్డుకాలేదు. సింహాసనమునకు మాత్రమే అడ్డయ్యెను. కాకతీయుల మూలపురుషుడగు వెన్నరాజు మొదలైన వంశక్రమము ఈ శాసనమువలననే మనకు తెలిసినది. వంశావళిని ఉదాహరించు చరిత్రకారులు చెరువు త్రవ్వించిన యామెను తరచుగా ఒక వాక్యముతో సరిపెట్టుదురు!

జనగామ ప్రాంతపు పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ (1895–1985) రజకకుటుంబపు స్త్రీ. ఆమె భూమిని కౌలునకు తీసికొని సాగుచేయగా విసునూరు దేశముఖు ఆ పంటను కాజేయబూనెను. ఆంధ్రమహాసభ సంఘమువారు తోడై ధాన్యమును ఆమె యింటికి చేర్చిరి. “రైతు” అను పదము లింగభేదము నెరుగదు. కాని వినువారికి మగవాడే తోచును. తెలుగు వ్యాకరణమున స్త్రీవాచకము ఏకవచనమున అమహత్తులలో చేరి “అది వచ్చెను” అనిపించుకొనును; బహువచనమున మాత్రము మహత్తులతో కలిసి “వారు వచ్చిరి” యగును. ఒంటరిగా నున్నంతకాలము ఐలమ్మ మాటను పట్టించుకొన్నవారు తక్కువ. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళావిశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టిరి.

భూపాలపల్లి ప్రాంతమున గణపురము కోటగుళ్ళు కాకతీయులనాటివి. అదే నేలక్రింద నేడు సింగరేణివారి బొగ్గుగనులు. భారతదేశపు చట్టములలోని పదములకు అర్థనియమము చేయు 1897 నాటి చట్టము, పుంలింగపదములు స్త్రీలకును వర్తించునని చెప్పినది; ఇది పాణిని ఏకశేషమునకు దగ్గరి చుట్టము. ఇట్లు పదమున దారి తెరచియున్నను, 1952 నాటి గనుల చట్టపు 46వ విభాగము “స్త్రీ” యను పదమునే వాడి భూగర్భమున ఆమెకు పని నిషేధించినది. రుద్రమ విషయమున మారినది పేరు, దక్కినది పీఠము. ఇచట పేరునకు చిక్కు లేదు, పనియే దక్కలేదు. అరువదియేడు సంవత్సరముల పిమ్మట, 2019లో, కేంద్రప్రభుత్వము ఆ నిషేధమును సడలించెను. సాంకేతిక, పర్యవేక్షక, నిర్వాహక కార్యములకు మాత్రమే, ఉదయము 6 మొదలు సాయంకాలము 7 గంటల లోపల, స్త్రీలు భూగర్భమునకు దిగవచ్చునని ఆ యుత్తరువు. వ్రాతమూలకమైన సమ్మతి కావలెననియు, దిగువారు ముగ్గురకు తక్కువ కారాదనియు దానిలో నియమించిరి.