ఎగరని ఈగ, పూరేకుల్లేని పువ్వు

విశాఖ బీచిలో మన కాళ్ళు తడిపే నీళ్ళది హిందూ మహాసముద్రపు ఉత్తరపు వాకిలి. అదే సముద్రానికి దక్షిణపు పెరట్లో, అంటార్కిటికాకి పోయే దారిలో కెర్గెలెన్ దీవులున్నాయి. అక్కడ చెట్టన్నది మొలవదు, గాలి ఆగదు. ఆ దీవుల మొక్క గురించి రాయడానికి నాకో సాకు దొరికింది. కెప్టెన్ కుక్ నావికులు దాన్ని కొరికి చూసి 2026 క్రిస్మస్‌కి 250 ఏళ్ళు.

చూపుకి క్యాబేజీ, వంశం మన ఆవాలది. లక్షల ఏళ్ళ దాని ఏకాంతాన్ని రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. చుట్టాలంతా పూరేకులు విప్పి పురుగుల్ని పిలుచుకుంటుంటే, ఇది పుప్పొడి పని గాలికి అప్పగించేసింది. పూరేకులు చాలా పూలకి ఉండనే ఉండవు. దీని ఆకుల సందున కాపురముండే ఈగ కూడా ఎగరదు. ఆ గాలిలో ఎగిరితే సముద్రంలోనే కదా దిగేది!

1772లో కెర్గెలెన్ అనే ఫ్రెంచి నావికుడు ఈ నేలని దూరంనుంచి చూశాడు. వెంట వచ్చిన రెండో ఓడని అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తి, గొప్ప ఖండం దొరికిందని రాజుగారికి చెప్పాడు. రెండోసారి పంపితే బండలే మిగిలాయి. కొలువు పోయింది, ఖైదు పడింది.

ఇక నాకిష్టమైన ఘట్టం. 1776 డిసెంబరు 25న కుక్ ఓడలు ఇక్కడ లంగరు వేశాయి. ముందు నీళ్ళు పట్టుకోవాలి, పండగ తర్వాత! సిబ్బందికి సెలవు 27న దొరికింది. ఆ రోజు ఒడ్డున తిరుగుతున్న వాళ్ళలో ఒకడికి సీసా కనిపించింది. లోపల ఫ్రెంచివాళ్ళు లాటిన్‌లో రాసి వదిలిన తోలుకాగితం. కుక్ దాని వెనక తన ఓడల పేర్లు రాసి, ఓ చిన్న వెండి నాణెం జతచేసి మళ్ళీ అక్కడే పెట్టించాడు.

ఓడ వైద్యుడు విలియం ఆండర్సన్ దృష్టి మాత్రం మొక్క మీదే. నెలల తరబడి ఉప్పుమాంసం తిన్న నావికులకి చిగుళ్ళు వాచి పళ్ళూడే స్కర్వీ జబ్బుకి ఆకుకూరే మందని అప్పటికి అనుభవంలో తెలుసు. సి విటమిన్ అన్న పేరు పుట్టడానికి ఇంకా దాదాపు 150 ఏళ్ళుంది. పచ్చిది నమిలితే ఆవఘాటు. ఉడికిస్తే వాసన వచ్చిందని కొందరు, అదేం లేదు బాగుందని కొందరు. మా ఇంట్లో క్యాబేజీ కూరకి ఈ తగవు ఇంకా తెగలేదు. ఆండర్సన్ దీనికి రాయల్ సొసైటీ అధ్యక్షుడు జాన్ ప్రింగిల్ పేరు మీద ప్రింగ్లియా అని పేరు పెట్టాడు. ప్రింగిల్ ఈ దీవి మొహం చూడలేదు. ఆండర్సన్ 1778లో ఆ ప్రయాణంలోనే చనిపోయాడు.

1840 శీతకాలంలో జేమ్స్ రాస్ ఓడల మీద వచ్చిన వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ మొక్కని శాస్త్రోక్తంగా వర్ణించాడు. సిబ్బంది రోజూ దీన్నే తిన్నారు.

1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబాన్ని దాటింది. విశాఖలో అంకితం వెంకట నరసింగరావు తన టెలిస్కోపుతో చూశారు. కెర్గెలెన్‌లోనూ చూశారు. అక్కడికెళ్ళిన బ్రిటిష్ బృందం మాత్రం, ఓడ మునిగి ఎవరైనా ఒడ్డుకి కొట్టుకొస్తే తిండికుంటాయని, కుందేళ్ళని వదిలిపెట్టింది.

ఇక్కణ్ణుంచి కథ తిన్నగా నడవదు. కుందేళ్ళు క్యాబేజీని మేసేశాయి. 1950ల్లో కుందేళ్ళకి జబ్బు అంటించారు. అవి తగ్గాయే కానీ పోలేదు. బయటి పురుగులు దిగాయి, వేసవులు ఎండుతున్నాయి. 2019లో యునెస్కో ఈ దీవుల్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మొక్క మాత్రం ఇప్పుడు గుబురుగా కనిపించేది కుందేలు అడుగుపెట్టని చిన్న దీవుల మీద, అది ఎక్కలేని కొండచరియల అంచున.