అతుకుల బొంత: హాంకాంగ్ చవక కుంగ్‌ఫూ సినిమాల చరిత్ర

హాంకాంగ్‌లో 1960ల చివరి నుంచి 1980ల చివరి దాకా పుంఖానుపుంఖాలుగా తయారైన చవక కుంగ్‌ఫూ సినిమాలను చూసినవారు పెదవుల కదలికకు మాట కుదరకపోవడాన్నీ, గాలిలో చెయ్యి విసిరితే కొరడా ఝళిపించిన చప్పుడు రావడాన్నీ చూసి నవ్వుకున్నారు. అయినా చివరి పోరాటం ముగిసే దాకా కుర్చీల్లోంచి లేవలేదు. నాసిరకమని తెలిసీ, చూశామని పదిమందిలో చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుపడుతూనే, మళ్లీ మళ్లీ చూసే ఈ అభిరుచిని పాశ్చాత్య విమర్శకులు ‘క్యాంప్’ అనే మాటతో వివరించే ప్రయత్నం చేశారు. అతిశయంలోనూ కృతకత్వంలోనూ ఆనందాన్ని వెతుక్కునే దృష్టికి అది పేరు. కావాలని చేసిన వికారం కంటే చిత్తశుద్ధితో చేయబోయి బెడిసికొట్టినదే ఎక్కువ రుచిస్తుందని సూజన్ సొంటాగ్ 1964లో ప్రచురించిన వ్యాసంలో వాదించారు. ఆ వాదన ఈ సినిమాలకు సగమే సరిపోతుంది. ఇక్కడ నవ్వు పుట్టించే లోపాల్లో ప్రతిదానికీ ఆ పరిశ్రమ పని పద్ధతిలో ఒక కారణం ఉంది. ఆ లోపాల నడుమ కనిపించే దేహవిద్య మాత్రం నికార్సయినది.

ఆ విద్యకు రెండు మూలాలున్నాయి. మొదటిది దక్షిణ చైనాలోని గువాంగ్‌డాంగ్ ప్రాంతపు గురుపరంపర. అక్కడ వైద్యుడిగా, యుద్ధవిద్యా గురువుగా పేరుపడిన వాంగ్ ఫే-హుంగ్ కథలతో 1949లో మొదలైన సినిమాల వరుసలో క్వాన్ తక్-హింగ్ అనే నటుడు 70కి పైగా చిత్రాల్లో ఆయన పాత్రను ధరించాడు. ప్రతినాయకుడిగా ఎక్కువసార్లు కనిపించిన షి కియెన్ తరవాతి కాలంలో ‘ఎంటర్ ది డ్రాగన్’లో బ్రూస్‌లీకి ప్రత్యర్థి అయ్యాడు. వాంగ్ శిష్యుడికి శిష్యుడైన లౌ చామ్ ఆ వరుసలో నటించగా, అతని కుమారుడు లౌ కార్-లుంగ్ పోరాట దర్శకుడిగా, ఆపై దర్శకుడిగా ఎదిగాడు. అంటే తెరపై కల్పితకథ నడుస్తున్నా, ముష్టిఘాతం మాత్రం గురువు నుంచి శిష్యుడికి చేతిమీదుగా వచ్చినదే. రెండవ మూలం పెకింగ్ ఒపేరా, అనగా పాట, అభినయం, గారడీ, యుద్ధవిన్యాసం కలగలిసిన చైనా సంప్రదాయ రంగస్థలం. హాంకాంగ్‌లో యు జిమ్-యుయెన్ నడిపిన ఒపేరా బడిలో జాకీచాన్, సామో హుంగ్, యుయెన్ బియావ్ బాల్యంలోనే కఠోరశిక్షణ పొందారు. చూడవచ్చే ప్రేక్షకులు తగ్గి ఒపేరా చితికిపోతున్న కాలంలో ఆ కుర్రవాళ్లకు దొరికిన బతుకుతెరువు సినిమాల్లో దెబ్బలు తినడమే.

ఈ విద్యను భారీ ఎత్తున సరుకుగా మార్చినది షా సోదరుల సంస్థ. 1925లో షాంఘైలో చిత్రనిర్మాణం మొదలుపెట్టిన ఆ కుటుంబంలో చిన్నవాడైన రన్ రన్ షా 1950ల చివర హాంకాంగ్ చేరి, 1961లో క్లియర్‌వాటర్ బే కొండపై ‘మూవీటౌన్’ అనే స్టూడియోను తెరిచాడు. నటులూ కార్మికులూ ఆ ప్రాంగణంలోని వసతిగృహాల్లోనే ఉండేవారు. ఒకే వీధి సెట్టింగు ఒక వారం మింగ్ వంశపు రాజధానిగానూ, మరో వారం చింగ్ వంశపు పల్లెగానూ మారేది. 1967లో చాంగ్ చె దర్శకత్వంలో వచ్చిన ‘వన్ ఆర్మ్‌డ్ స్వోర్డ్స్‌మన్’ ఘనవిజయంతో ఖడ్గవీరుల కథలకు గిరాకీ పెరగగా, 1970లో జిమ్మీ వాంగ్ యు తీసిన ‘ది చైనీస్ బాక్సర్’ కత్తిని పక్కనపెట్టి వట్టి చేతుల పోరాటాన్ని కథకు కేంద్రం చేసింది.

ప్రపంచాన్ని నవ్వించిన డబ్బింగ్ కథ ఇక్కడే మొదలవుతుంది. షూటింగ్ సమయంలో శబ్దాన్ని రికార్డు చేసే ఆచారం ఆ స్టూడియోల్లో లేదు. నటుల్లో ఒకరు కాంటనీస్‌లో, మరొకరు మాండరిన్‌లో మాట్లాడినా ఇబ్బంది లేకుండా, బొమ్మ పూర్తయ్యాక మాటలూ చప్పుళ్లూ విడిగా కలిపేవారు. కాబట్టి ‘అసలు’ చైనీస్ ప్రతిలో కూడా గొంతు తరచుగా నటుడిది కాదు. విదేశీ మార్కెట్ల కోసం హాంకాంగ్‌లో స్థిరపడిన కొద్దిమంది ఆంగ్లేయులు, అమెరికన్లు, ఆస్ట్రేలియన్లు తక్కువ వ్యవధిలో ఇంగ్లీషు గొంతులిచ్చారు. తెరపై పెదవులు ఆడినంతసేపూ ఏదో ఒక మాట నింపక తప్పదు గనుక వాక్యం మధ్యలో అర్థం లేని విరామాలూ, చివర అనవసరమైన పదాలూ చేరాయి. ఒకే మనిషి నాయకుడికీ, ముసలి గురువుకీ, సత్రం యజమానికీ గొంతు మార్చి పలికేవాడు. దెబ్బల చప్పుడు సంగతి కొంచెం వేరు. ఒపేరాలో ప్రతి కదలికకూ తాళవాద్యాలు దరువు వేయడం ఆనవాయితీ కావడం వల్ల, అడుగుకూ పిడికిలికీ ధ్వని ఉండడం అక్కడి ప్రేక్షకుడికి వింతగా తోచలేదు. సంగీతానికి విడిగా డబ్బు వెచ్చించే అలవాటు లేక, దొరికిన రికార్డు నుంచి బాణీలు కోసి అతికించడమూ మామూలే. 1972 నాటి ‘కింగ్ బాక్సర్’లో నాయకుడి అరచేతులు ఎర్రగా వెలిగే ప్రతిసారీ మోగే సైరన్, ‘ఐరన్‌సైడ్’ అనే అమెరికన్ టీవీ ధారావాహికకు క్విన్సీ జోన్స్ కట్టిన బాణీలోనిది.

‘కింగ్ బాక్సర్’ 1973లో అమెరికాలో విడుదలై మంచి వసూళ్లు సాధించింది. అదే ఏడాది జూలై 20న, ‘ఎంటర్ ది డ్రాగన్’ విడుదలకు ముందే, బ్రూస్‌లీ 32 ఏళ్ల వయసులో మరణించాడు. నాయకుడు పోయాడు గాని గిరాకీ పోలేదు. పంపిణీదారులు కొత్త బ్రూస్‌లీ కావాలని ఒత్తిడి చేయగా, తైవాన్ నటుడు హో చుంగ్-తావో ‘బ్రూస్ లి’గా, హువాంగ్ కిన్-లుంగ్ ‘బ్రూస్ లె’గా, కొరియా నుంచి వచ్చిన మరొకరు ‘డ్రాగన్ లీ’గా తెరకెక్కారు. విమర్శకులు ‘బ్రూస్‌ప్లాయిటేషన్’ అని పిలిచే ఈ పరంపరలో 1977 నాటి ‘ది డ్రాగన్ లివ్స్ అగైన్’ పాతాళలోకానికి చేరిన బ్రూస్‌లీని జేమ్స్‌బాండ్, డ్రాక్యులా, పొపాయ్‌ల పక్కన నిలబెట్టింది. బ్రూస్‌లీ సగంలో వదిలిన ‘గేమ్ ఆఫ్ డెత్’ను 1978లో డూపులతో పూర్తిచేసినప్పుడు, అద్దం ముందు కూర్చున్న డూపు తలకు సరిగ్గా ఎదురుగా, అద్దం మీద బ్రూస్‌లీ ముఖం అట్టబొమ్మను అంటించి చిత్రీకరించారు, ఆయన నిజమైన అంత్యక్రియల దృశ్యాలను కూడా కథలో వాడారు. అట్టబొమ్మ నవ్వు తెప్పిస్తుంది. అంత్యక్రియల దృశ్యం మాత్రం ఏ కోణం నుంచి చూసినా క్షమార్హం కాదు.

ఈ సినిమాలు భారతీయుడిని తెరకెక్కించిన తీరుకు 1976 నాటి ‘మాస్టర్ ఆఫ్ ది ఫ్లయింగ్ గిలటిన్’ గొప్ప ఉదాహరణ. అందులోని పోటీకి వచ్చే భారతీయ యోగి వేషం వేసినది చైనా నటుడే. ఆ యోగి చేతులు సాగి ప్రత్యర్థిని దూరం నుంచే కొడతాయి. యోగవిద్య గురించి ఏమీ తెలియనివారు విన్న కట్టుకథలన్నీ కలిపి అల్లిన ఈ పాత్ర నిజానికి దూరమే గాని, చేతులు సాగే ఆ క్షణంలోని ఊహాశక్తి జానపద చిత్రాల మాంత్రికులను చూసి పెరిగిన తెలుగు ప్రేక్షకుడికి పరాయిదిగా అనిపించదు.

అతికించడమే ఒక వృత్తిగా మారిన దశ 1980లలో వచ్చింది. 1981లో కానన్ సంస్థ నిర్మించిన ‘ఎంటర్ ది నింజా’తో నింజాల మీద, అనగా జపాన్ చరిత్రలోని గూఢచారి యోధుల మీద, పాశ్చాత్య దేశాల్లో మోజు పెరిగింది. ఇళ్లలో చేరిన వీడియో యంత్రాలకు క్యాసెట్లు కావాలి. షా సోదరుల వద్ద సహాయ దర్శకుడిగా పని నేర్చిన గాడ్‌ఫ్రే హో, ఐఎఫ్‌డీ సంస్థ నిర్మాత జోసెఫ్ లాయ్‌తో కలిసి దానికి ఒక ఉపాయం కనిపెట్టాడు. కొరియా, థాయ్‌లాండ్, తైవాన్, ఫిలిప్పీన్స్ దేశాల పాత సినిమాను చవకగా కొని, కొద్ది రోజుల్లో తెల్లజాతి నటులతో నింజా దృశ్యాలు తీసి, రెంటినీ ముక్కలుగా కలిపి, కొత్త డబ్బింగ్‌తో ఒకే కథగా కుట్టడం ఆ ఉపాయం. 1985 నాటి ‘నింజా టెర్మినేటర్’లో ఈ కుట్టు దగ్గరి నుంచి కనబడుతుంది. నాయకుడు రిచర్డ్ హారిసన్, గార్ఫీల్డ్ అనే కార్టూన్ పిల్లి ఆకారంలోని టెలిఫోన్ ఎత్తి మాట్లాడతాడు. అవతలి కొసన జవాబిచ్చేవాడు కొరియా సినిమాలోని పాత్ర. ఇద్దరూ ఒక్కసారి కూడా ఒకే ఫ్రేములో కలవరు. రంగురంగుల ముసుగుల నింజాలు నుదుటి పట్టీ మీద ‘నింజా’ అని ఇంగ్లీషులో రాసుకుని తిరుగుతారు. కొద్ది చిత్రాలకే ఒప్పుకున్న హారిసన్ దృశ్యాలను అనేక సినిమాల్లో అతికించారు. అది అతని పేరుకు జరిగిన అన్యాయం. అయితే సంబంధం లేని రెండు కథలను టెలిఫోన్ తీగతో కలిపిన కూర్పరి చాతుర్యాన్ని తక్కువ చేయడం కూడా అన్యాయమే.

ఈ సినిమాలు న్యూయార్క్ 42వ వీధిలో ‘గ్రైండ్‌హౌస్’లుగా పిలిచే చవక థియేటర్లలోనూ, తరవాత స్థానిక టీవీలోనూ ఆడి, పేద నల్లజాతి యువకులకు తెల్లవాడు కాని వీరుడిని చూపించాయి. 1993లో వు-టాంగ్ క్లాన్ అనే రాప్ బృందం తన తొలి ఆల్బమ్‌కు లౌ కార్-లుంగ్ 1978లో షావొలిన్ బౌద్ధమఠం మీద తీసిన చిత్రం నుంచే పేరు తీసుకుంది. తెలుగులో కరాటే నేర్చి వచ్చిన సుమన్, భానుచందర్ 1980లలో తారలు కావడానికీ, 2015లో రామ్‌చరణ్ చిత్రానికి ‘బ్రూస్‌లీ’ అని పేరు పెట్టడానికీ వెనక ఉన్నది ఈ అలే.

చిత్తశుద్ధికి పరాకాష్ఠ మాత్రం అమెరికాలో దొరుకుతుంది. ఫ్లోరిడాలోని ఓర్లాండోలో తైక్వాండో నేర్పే కొరియన్ గురువు వై.కె. కిమ్ 1987లో సొంత డబ్బుతో ‘మయామి కనెక్షన్’ తీశాడు. అనాథలైన సంగీత బృందం సభ్యులు మోటారుసైకిళ్ల మీద తిరిగే మాదకద్రవ్యాల నింజాలతో పోరాడడం అందులోని కథ. తండ్రి ఆచూకీ తెలిసిన యువకుడు స్నేహితుల మధ్య ఏడ్చే దృశ్యంలో నటన ఏ కొలతకూ అందదు, కాని అందులో కపటం లేదు. స్నేహాన్నీ శాంతినీ బోధించాలని కిమ్ నిజంగానే అనుకున్నాడు. విడుదలైన కొద్ది థియేటర్లలో అది విఫలమైంది. 2009లో టెక్సస్‌లోని ఒక థియేటర్ సంస్థ ఉద్యోగి దాని ప్రింటును ఆన్‌లైన్ వేలంలో 50 డాలర్లకు కొని ప్రదర్శించగా, 2012లో అది మళ్లీ విడుదలై పావు శతాబ్దం ఆలస్యంగా అభిమానులను సంపాదించింది.

షా సోదరుల భాండాగారంలోని 700కు పైగా చిత్రాలను సెలెస్టియల్ పిక్చర్స్ కొని, నెగటివ్‌ల నుంచి శుభ్రపరిచి విడుదల చేసింది. చిన్న నిర్మాతల సినిమాలకు ఆ అదృష్టం దక్కలేదు. వాటిలో చాలా చిత్రాలు అంచులు తెగి, రంగు వెలిసి, ఇంగ్లీషు డబ్బింగ్‌తో ఉన్న పాత వీడియో క్యాసెట్లలోనే ఇప్పటికి మిగిలి ఉన్నాయి.