రెండుసార్లు ఖాళీ అయిన కొల్లూరు

కంచికచర్ల వైపు వజ్రాల మాట ఎత్తితే పరిటాల, గని ఆత్కూరు ముందు గుర్తొస్తాయి. 1766లో ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చినప్పుడు కూడా నిజాం, గనుల మీది ఆశతో పరిటాల ప్రాంతాన్ని తన దగ్గరే ఉంచుకున్నాడు. గనులు ఉడిగిపోయినా ఆ ఊళ్లు చేలను నమ్ముకుని నిలిచాయి. కృష్ణ మీద ఎగువన, అవతలి ఒడ్డున ఉన్న కొల్లూరుకు ఆ అదృష్టం పట్టలేదు.

కొల్లూరు గని కథ మనకు దక్కింది ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టవెర్నియర్ రాతల్లో. 17వ శతాబ్దం నడుమ ఆయన వచ్చేనాటికి గని బయటపడి నూరేళ్లయిందట. చిరుధాన్యం చల్లడానికి నేల తవ్వుకుంటున్న ఒక పేదవాడికి పాతిక క్యారెట్ల రాయి దొరికింది, అదే మొదలు. తాను తొలిసారి చూసినప్పుడు దాదాపు అరవై వేలమంది పనిలో ఉన్నారన్నాడు. వర్తకుడి లెక్క గనక సగానికి తగ్గించుకున్నా అది పట్నమే. మగవాళ్లు నీళ్లు పడేదాకా తవ్వేవారు, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసేవారు. గోడ కట్టిన మడిలో ఆ మట్టిని కడిగి, ఎండబెట్టి, గింజల్లా చెరిగేవారు. కోహినూరు ఇక్కడిదేనంటారు గానీ రుజువు లేదు.

1687లో, కొల్లూరును ఏలుతున్న గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది. 1720ల్లో బ్రెజిల్ వజ్రాలు సంతకొచ్చాయి. కూలి కోసం వచ్చిన జనం కూలి లేక కదిలిపోయారు. 19వ శతాబ్దంలో టవెర్నియర్ చెప్పిన గని ఏదో ఇంగ్లీషువాళ్లు వెతుక్కోవలసి వచ్చింది. చివరికి భూగర్భ శాస్త్రవేత్త వాలెంటైన్ బాల్ అది కొల్లూరేనని తేల్చాడు.

రెండోసారి ఊరు ఖాళీ అవడం కాగితం మీద జరిగింది. కృష్ణా డెల్టాలో నారుమళ్లకు వేళకు నీరందించేందుకు పులిచింతల ప్రాజెక్టుకు 2004లో శంకుస్థాపన చేశారు, 2013 డిసెంబర్‌లో జాతికి అంకితమిచ్చారు. నిల్వ 45.77 టీఎంసీలు. అప్పటి గుంటూరు, నల్గొండ జిల్లాల ముంపు ఊళ్లలో కొల్లూరూ ఉంది, ప్రాజెక్టుకు పేరిచ్చిన పులిచింతలా ఉంది. పరిహారం ఎకరాన్నీ ఇంటినీ లెక్కగట్టగలదు. ఏటి ఒడ్డున మేకలు తోలుకుని, పరాయి చేలో కూలి చేసుకుని బతికినవాడి బతుకుకు ధర కట్టడం దాని చేతకాదు. అలాంటివాళ్లే అన్ని ముంపుల్లోనూ ముందుగా నష్టపోతారని నా అభిప్రాయం.

2021 ఆగస్టు 5న పులిచింతల పదహారో గేటు కొట్టుకుపోయినప్పుడు జలాశయంలోని నీళ్లు చాలావరకు దిగువకు వదిలేయాల్సి వచ్చింది. ఇటు నందిగామ వైపు, చందర్లపాడు మండలం గుడిమెట్లలో వానలు పడితే ఇప్పటికీ ఎక్కడెక్కడి జనమో వచ్చి గుట్టల్లో రాళ్లు ఏరుతుంటారు. కొల్లూరులో మాత్రం ఆ ఆశకైనా ముందు నీటిమట్టం తగ్గాలి.