హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ : శాస్త్రపత్రికల బాధ్యతకు ఒక పాఠం

ఎర్రగడ్డ మొదలు కోఠీ వరకు హైదరాబాదు నగరంలో ఏ ఆసుపత్రి ఆపరేషను గదిలో చూచినా రోగి తలవైపున మత్తుమందు వైద్యుడు కనిపిస్తాడు. అతని దృష్టి ఒకవంక రోగి శ్వాసమీద, మరొకవంక గుండె కొట్టుకొనే తీరును చూపే తెరమీద ఉంటుంది. ఈ రెంటిలో ఏది తప్పినా ప్రాణాపాయమే గనుక రెంటినీ కనిపెట్టి ఉండవలెనని వైద్యవిద్యార్థికి మొదటనే నేర్పుతారు. కాని నూటముప్పది ఏండ్లకు పూర్వం ఇదే నగరంనుండి ఇందుకు విరుద్ధమైన నిర్ణయమొకటి వెలువడినది. శ్వాసను చూచుకొంటే చాలును, నాడిని పట్టి చూడనక్కరలేదు అన్నదే ఆ నిర్ణయం. దానిని ప్రకటించినది లండనులోని 'లాన్సెట్' అనే ప్రసిద్ధ వైద్యపత్రిక. ఆ నిర్ణయం తప్పని తరువాత తేలినది. తప్పు ఎట్లు పుట్టినదో, ఎట్లు బయటపడినదో తెలిసికొంటే శాస్త్రపత్రికలపై ఉన్న బాధ్యత ఎంతటిదో మనకు బోధపడుతుంది.

మత్తుమందు తెచ్చిన చిక్కు

శస్త్రచికిత్సలో నొప్పి తెలియకుండ ఈథరును వాడవచ్చునని 1846 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ నగరంలో అందరి ఎదుట రుజువైనది. మరుసటి ఏడు నవంబరులో ఎడింబరో వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారంను వాడుకలోనికి తెచ్చినాడు. ఇది ఈథరుకంటె త్వరగా పనిచేస్తుంది, కొద్దిపాటి మందు చాలును, ఈథరువలె అంటుకొని మండదు. ఈథరు వేడికి ఇట్టే ఆవిరైపోయే పదార్థం గనుక మనవంటి ఉష్ణదేశాలలో వైద్యులు క్లోరోఫారం వైపే మొగ్గినారు.

అయితే మూడు నెలలు గడువక ముందే ప్రమాదం కనిపించినది. 1848 జనవరి 28వ తేదీన ఇంగ్లండులో న్యూకాసిల్ సమీపాన హన్నా గ్రీనర్ అనే పదునైదేండ్ల బాలికకు కాలిగోరు తీయుటకై క్లోరోఫారం ఇచ్చినారు. కొద్ది నిముషాలలోనే ఆ పిల్ల ప్రాణం పోయినది. తరువాత అటువంటి మరణాలు అనేకం జరిగినవి. ఆరోగ్యంగా ఉన్నవారు, చిన్న చికిత్సకు వచ్చినవారు, మందు పీల్చిన కొలది క్షణాలకే చనిపోవుట వైద్యులను కలవరపెట్టినది.

చావుకు కారణం ఏమిటి? ఈ ప్రశ్నపై వైద్యలోకం రెండుగా చీలినది. మందు మోతాదు మించి మొదట శ్వాస ఆగిపోతుంది, గుండె ఆ తరువాతనే ఆగుతుంది అని ఎడింబరో శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ సంప్రదాయంవారి మతం. గుండెయే సూటిగా దెబ్బ తింటుందని లండనులో జాన్ స్నో మొదలైనవారి మతం. 1880లో గ్లాస్గో సంఘం తన ప్రయోగాలనుబట్టి క్లోరోఫారం గుండెను క్రుంగదీస్తుందని చెప్పినది. ఇది పండితుల పంతం మాత్రమే కాదు. మత్తు ఇచ్చే వైద్యుడు రోగిలో దేనిని కనిపెట్టి ఉండవలెను అన్నది దీనిపైననే ఆధారపడి ఉన్నది.

లారీ పట్టుదల

ఎడ్వర్డు లారీ సైమ్ శిష్యుడు. హైదరాబాదు రెసిడెన్సీ వైద్యుడుగా వచ్చి, ఇక్కడి వైద్యపాఠశాలకు కూడ పెద్దగా ఉన్నాడు. 1846లో స్థాపితమైన ఆ పాఠశాలయే నేటి ఉస్మానియా వైద్యకళాశాలకు మూలం. శ్వాసను జాగ్రత్తగా చూచుకొంటే క్లోరోఫారంవలన భయం లేదని లారీ దృఢంగా నమ్మినాడు. నమ్మకాన్ని రుజువుచేయుటకు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వపు సహాయంతో 1888లో ఒక కమిషన్ ఏర్పడినది. నూరుకు పైగా కుక్కలపై ప్రయోగాలు చేసి, అన్నింటిలోను శ్వాసయే ముందు ఆగినదని ఆ కమిషన్ తేల్చినది.

లాన్సెట్ పత్రిక ఈ మాటను నమ్మలేదు. పూర్వపు ప్రయోగాలకు ఇది విరుద్ధంగా ఉన్నదని ఆక్షేపించినది. అప్పుడు నిజాం ప్రభుత్వం ఒక వింత ప్రతిపాదన చేసినది. పత్రికవారే తమకు నమ్మకమైన శాస్త్రజ్ఞుని ఎన్నుకొని పంపవచ్చును, ఖర్చులకు వెయ్యి పౌండ్లు తాము ఇస్తామన్నారు. లాన్సెట్ అంగీకరించి, గుండెపోటు నొప్పికి అమైల్ నైట్రైట్ వాడుకను 1867లోనే కనిపెట్టి పేరుపొందిన లాడర్ బ్రంటన్‌ను పంపినది. బ్రంటన్ అంతవరకు గుండెకు అపాయమున్నదనే పక్షంవాడే. కనుక ఎన్నికలో పత్రిక పక్షపాతం చూపలేదనే చెప్పవలెను.

1889 చివరి నెలలలో రెండవ కమిషన్ హైదరాబాదులో పనిచేసినది. బ్రంటన్, లారీలతోబాటు బామ్‌ఫర్డ్, రుస్తుంజీ అనే వైద్యులు సభ్యులు. ఇక్కడి వైద్యపాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ కూడ ఈ పనిలో పాల్గొన్నది. ఆమె తరువాత హైదరాబాదు ఆసుపత్రులలో మత్తుమందు వైద్యురాలుగా పనిచేసి, ఈ వృత్తిలో ప్రపంచపు తొలి మహిళలలో ఒకరుగా పేరు పొందినది. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు వందలకొలది ఈ ప్రయోగాలకు బలియైనవి. తిరిగే డోలుపై రక్తపోటును గీతగా గీసే యంత్రంతో అనేక జంతువుల స్థితిని నమోదు చేసి, ఆ గీతలకు ఫోటోలు తీసినారు.

పని ముగియకముందే బ్రంటన్ లండనుకు తంతి పంపినాడు. అపాయమంతా శ్వాస ఆగుటవలన, లేక మోతాదు మించుటవలన వచ్చేదే, గుండెకు సూటిగా ఏమాత్రం కాదు అని దాని సారాంశం. ఆ తంతిని లాన్సెట్ 1889 డిసెంబరులోనే అచ్చువేసినది. పూర్తి నివేదిక 1890లో వరుస సంచికలలో వెలువడినది. అది 1891లో బొంబాయిలో గ్రంథంగా కూడ అచ్చయినది.

తప్పు ఎక్కడ జరిగినది

కమిషన్ వారు మోసగాండ్రు కారు. తాము చూచినది చూచినట్లే వ్రాసినారు. అయితే వారు చాలవరకు మందును అధికంగా ఇచ్చి, జంతువు చనిపోయే క్రమాన్ని పరిశీలించినారు. ఆ క్రమంలో శ్వాసయే ముందు ఆగుతుంది. హన్నా గ్రీనర్ వంటివారి మరణం ఆ తీరుది కాదు. మందు కొద్దిగా పీల్చి, ఇంకా భయంతో, అలజడితో ఉన్న దశలో అది అకస్మాత్తుగా వచ్చిపడుతుంది. కమిషన్ వారు అడిగిన ప్రశ్న ఒకటి, జవాబు చెప్పినది మరొకదానికి.

రహస్యాన్ని విప్పుటకు ఇంకా ఇరువది ఏండ్లు పట్టినది. 1893లో కేంబ్రిడ్జికి చెందిన గాస్కెల్, షోర్ అనేవారు ఒక నేర్పైన ప్రయోగం చేసినారు. ఒక జంతువు మెదడుకు మరొక జంతువు రక్తం అందేటట్లు అమర్చి, మందు మెదడుకు మాత్రమే చేరినప్పుడు రక్తపోటు పడిపోలేదని, గుండెకు చేరినప్పుడు పడిపోయినదని చూపినారు. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో హైదరాబాదు నివేదికను విమర్శిస్తూ ఈ ఫలితాలను ప్రకటించినారు. లాన్సెట్ సైతం ఊరకుండలేదు. ఈసారి జంతువులను విడిచి, ఆసుపత్రులలో రోగుల అనుభవాన్ని సేకరింపజేసి, అదే సంవత్సరం వేరొక నివేదికను ప్రకటించినది. తుదకు 1911లో గుడ్‌మన్ లెవీ అసలు కారణం కనిపెట్టినాడు. కొద్దిపాటి క్లోరోఫారం మత్తులో ఉన్న పిల్లులకు స్వల్పంగా ఎడ్రినలిన్ ఎక్కించగా, గుండె కండరం ఒక్కతీరున ముడుచుకొనక, పోగుపోగున వేరువేరుగా వణకిపోయి ఆగిపోయినది. భయపడినప్పుడు మన శరీరంలో ఊరేది ఆ ఎడ్రినలినే. కనుక గుండె సూటిగా ఆగుట నిజమే.

1890కి, 1911కి నడుమ నాడిని చూడకుండ క్లోరోఫారం ఇచ్చిన వైద్యులున్నారు. శ్వాస బాగానే ఉన్నదని నిశ్చింతగా ఉన్నంతలో గుండె ఆగిన రోగి సంగతి ఏమిటి? పత్రికలో అచ్చయిన వాక్యం పరిశోధకుల బల్లవద్దనే ఆగిపోదు, రోగి పడక దాకా పోతుంది.

సంపాదకునికి నాలుగు పాఠాలు

ఈ కథలో పత్రిక చేసిన మంచి రెండు విధాలు. మొదటిది, డబ్బు ఎవరు ఇచ్చినారో దాచలేదు. రెండవది, ఆధారాలను వివరంగా బయటపెట్టినది. అందువలననే ఇతరులు వానిని పరీక్షించి, తర్కించగలిగినారు.

చేసిన పొరపాట్లు కూడ రెండు. ఆధారాలు రాకముందే తంతి ఆధారంగా తీర్పును లోకానికి చాటినది. అంతకంటె పెద్దది, తాను పంపిన పరిశోధకుని పనికి తానే న్యాయాధికారి స్థానంలో ఉన్నది. పరిశోధన చేయించినవారు, తీర్పు చెప్పేవారు ఒక్కరే అయినప్పుడు ఎంత నిజాయితీపరునికైనను చూపు మసకబారుతుంది. ప్రకటనకు ముందు సంబంధం లేని నిపుణులచేత వ్యాసాన్ని పరిశీలింపజేయవలెననే నియమానికి అర్థమిదే. సంపాదకులు తమలో తాము ఇటువంటి ధర్మాలను చర్చించుకొనుటకు 1997లో ఇంగ్లండులో ప్రచురణ నీతి సంఘం ఒకటి ఏర్పడినది.

నియమాలు పెట్టుకొన్నంతమాత్రాన పని తీరలేదు. 2020 మే 22న అదే లాన్సెట్ పత్రిక కోవిడ్ రోగులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇచ్చుటనుగూర్చి ఒక వ్యాసం ప్రకటించినది. 671 ఆసుపత్రులనుండి సమాచారం సేకరించినట్లు అందులో వ్రాసినారు. ఆ మూల సమాచారాన్ని చూపుమని అడిగితే చూపలేకపోయినారు. రెండు వారాలైనా గడువకముందే, జూన్ 4న, వ్యాసాన్ని ఉపసంహరించుకోవలసివచ్చినది. 1890 నాటి వ్యాసంలో నిర్ణయం తప్పైనా గీతలు కండ్లకు కనిపించినవి. 2020 నాటి వ్యాసంలో పరీక్షించుటకే ఏమీ లేకపోయినది.

మన నగరానికే ఇంకొక మచ్చ ఉన్నది. హైదరాబాదు కేంద్రంగా వందలకొలది పత్రికలు నడిపిన ఓమిక్స్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసినది. వ్యాసాలను నిపుణులు పరిశీలిస్తారని చెప్పి ఆ పని సరిగా చేయించలేదని, రుసుమును ముందుగా స్పష్టంగా చెప్పలేదని అభియోగం. 2019లో నెవాడా న్యాయస్థానం ఆ సంస్థ అయిదు కోట్ల డాలర్లకు పైగా చెల్లించవలెనని తీర్పు చెప్పినది. వెయ్యి పౌండ్లు పుచ్చుకొన్న సంగతి దాచని పత్రిక కథ జరిగిన ఊరినుండే ఈ వార్తయు వచ్చుట విచారకరం.

శాస్త్రంలో తప్పు దొర్లుట సహజం. బ్రంటన్ వంటివాడే పొరబడినాడు. ఆ తప్పును దిద్దుటకు దారి తెరచి ఉంచవలసినది పత్రిక. డబ్బు ఎక్కడిది, ప్రయోగం ఎట్లు చేసినారు, ఆధారాలు ఎక్కడ ఉన్నవి, పరిశీలించినవారికి దీనితో సంబంధమున్నదా అనే నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పే పత్రికలో తప్పు చాలకాలం నిలువలేదు. చెప్పని పత్రికలో ఒప్పును కూడ నమ్మవలసిన పని లేదు. పరిశోధనకు పూనుకొనే మన యువకులు తమ మొదటి వ్యాసాన్ని పంపకముందు ఈ ప్రశ్నలు వేసికొనుట మంచిది.