కెంటకీ విశ్వవిద్యాలయం, గుర్రాల లోకం

అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయంలో పశువైద్య కళాశాల లేదు. పశువైద్యుడు కావాలనుకున్న కెంటకీ కుర్రవాడు పట్టా కోసం పొరుగు రాష్ట్రాలు దాటి అలబామాలోని ఆబర్న్‌కో టస్కెగీకో వెళ్ళాలి. అక్కడ సీట్లు కేటాయించేలా రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. అయినా గుర్రాల జబ్బుల మీద ప్రపంచంలో ఎక్కడ మాట వచ్చినా ముందుగా వినిపించే పేర్లలో ఈ విశ్వవిద్యాలయానిది ఒకటి. ఇక్కడున్నది పశువైద్య విజ్ఞాన విభాగం. దాని పని డాక్టర్లను తయారు చేయడం కన్నా, చుట్టుపక్కల గుర్రాల క్షేత్రాల వాళ్ళు మోసుకొచ్చే ప్రశ్నలకు జవాబులు వెతకడం.

విశ్వవిద్యాలయం లెక్సింగ్టన్ నగరంలో ఉంది. 1865లో వ్యవసాయ, యాంత్రిక కళాశాలగా మొదలైంది. 1885లో దానికి వ్యవసాయ ప్రయోగ కేంద్రం తోడైంది. లెక్సింగ్టన్ చుట్టూ ఉన్న నేలను బ్లూగ్రాస్ ప్రాంతం అంటారు. అడుగున సున్నపురాయి, పైన ఏపుగా పెరిగే పచ్చిక. ఆ నేలలోని కాల్షియం, భాస్వరం గడ్డిలోకి, గడ్డి నుంచి గుర్రప్పిల్లల ఎముకల్లోకి చేరతాయని అక్కడివాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారు. నేల మహిమ ఎంతో, డబ్బు మహిమ ఎంతో తేల్చడం కష్టం గానీ, పందెపు గుర్రాల వ్యాపారం మాత్రం అక్కడే పాతుకుపోయింది. లూయీవిల్‌లో 1875 నుంచి కెంటకీ డెర్బీ పందెం జరుగుతోంది. లెక్సింగ్టన్‌లోనే 1936లో తెరిచిన కీన్‌లాండ్ పందెపు మైదానం ఉంది. ఏడాది వయసు గుర్రప్పిల్లలను కొనడానికి ప్రతి సెప్టెంబరులో అక్కడికి ప్రపంచం నలుమూలల నుంచి బేరగాళ్ళు దిగుతారు.

ఈ వ్యాపారం ఎంతటిదో కూడా విశ్వవిద్యాలయమే లెక్కగట్టింది. 2012లో జరిపిన సర్వేలో రాష్ట్రంలో 2,42,400 గుర్రాలు, గాడిదలు, కంచరగాడిదలు, వాటిని పెంచే 35,000 స్థలాలు, వాటి కింద 11 లక్షల ఎకరాలు తేలాయి. దాదాపు 40,665 ఉద్యోగాలు వీటి మీద ఆధారపడి ఉన్నాయని అంచనా వేశారు. అంత సమగ్రమైన లెక్క అంతకుముందు తీసింది 1977లో. సంఖ్యలు చేతిలో లేకుండా పన్ను రాయితీ అడిగినా, రోడ్డు అడిగినా శాసనసభలో పలికేది తక్కువ కాబట్టి, ఆ సర్వే కూడా పరిశ్రమకు టీకాలాంటిదే.

అసలు టీకాల అవసరం ఇక్కడ ఎందుకొచ్చిందో చూద్దాం. థరోబ్రెడ్ జాతి పందెపు గుర్రాలకు ఒక కఠిన నియమం ఉంది. కృత్రిమ గర్భధారణతో పుట్టిన పిల్లను వంశావళి పుస్తకంలో చేర్చరు. మగగుర్రంతో దాటిస్తేనే లెక్క. హైదరాబాద్ మలక్‌పేటలో పరిగెత్తే పందెపు గుర్రానికీ ఇదే నియమం వర్తిస్తుంది. ఫలితంగా ఫిబ్రవరి నడుమ నుంచి వేసవి మొదలు దాకా ఆడగుర్రాలు వాహనాలెక్కి క్షేత్రం నుంచి క్షేత్రానికి తిరుగుతుంటాయి. పేరున్న ఒక్క మగగుర్రం దగ్గరికి ఒక సీజన్‌లో వందకు పైగా వస్తాయి. చూడి పదకొండు నెలలు, ఈతకు పుట్టేది ఒకే పిల్ల. ఆ పిల్ల లక్షల డాలర్లు పలకవచ్చు. అంటువ్యాధికి ఇంతకన్నా అనువైన సంత ఇంకొకటి ఉండదు. కెంటకీ శాస్త్రవేత్తల పనిలో సగం గుర్రాల గర్భం చుట్టూ తిరగడానికి కారణం ఇదే.

1930ల మొదట్లో అక్కడి డైమాక్, ఎడ్వర్డ్స్ అనే ఇద్దరు పరిశోధకులు, ఆడగుర్రాలు ఈసుకుపోవడం వెనక బాక్టీరియా కన్నా చిన్నదేదో ఉందని అనుమానించారు. అది వైరస్ అని తేలింది. 1950లలో ఎల్విస్ డాల్ ఒక అడుగు ముందుకు వేశాడు. లేతగుర్రాలకు ముక్కు కారి జ్వరం తెప్పించే జబ్బు, పెద్ద గుర్రాల్లో గర్భం పోగొట్టే జబ్బు వేర్వేరు కావని, రెండూ ఒకే వైరస్ చేసే పనులని తేల్చాడు. పిల్లకు జలుబు, తల్లికి గర్భనష్టం. ఈ ముడి విడ్డాక చూడి గుర్రాలను లేతగుర్రాల మందకు దూరంగా ఉంచడం క్షేత్రాలకు అలవాటైంది. ఇప్పుడు దాన్ని గుర్రాల హెర్పిస్ వైరస్-1 అంటున్నారు. హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం, మన దేశంలో దొరికిన రకంతో ఇదే వైరస్‌కు ఈక్విహెర్పాబార్ట్ అనే నిర్జీవ టీకా తయారు చేసింది.

డాల్ బృందానికే మరో వైరస్ చిక్కింది. 1953లో ఒహాయో రాష్ట్రంలోని బుసైరస్ ఊళ్ళో ఒక గుర్రాల క్షేత్రంలో గర్భాలు పోతుంటే నమూనాలు లెక్సింగ్టన్‌కు వచ్చాయి. వాటిలో దొరికింది రక్తనాళాలను దెబ్బతీసే ఆర్టిరైటిస్ వైరస్. మూడు దశాబ్దాల తరువాత, 1984లో, అది కెంటకీ థరోబ్రెడ్ క్షేత్రాల్లోనే బయటపడింది. పీటర్ టిమోనీ, విలియం మెక్‌కొల్లమ్ ఆ రోజుల్లో ఒక కిటుకు పట్టుకున్నారు. జబ్బు తగ్గిపోయిన మగగుర్రాల్లో కొన్ని, పైకి నిగనిగలాడుతూనే, ఏళ్ళ తరబడి వీర్యంలో వైరస్‌ను మోస్తుంటాయి. అంటే రోగం ఇంటి నుంచి ఇంటికి తిరగడం కాదు, అందరూ తమ గుర్రాలనే దాని గుమ్మం దగ్గరికి తీసుకెళ్తున్నారు. మెక్‌కొల్లమ్ బలహీనపరిచిన బుసైరస్ వైరస్ నుంచే టీకా వచ్చింది. ఇక గుర్రాల ఫ్లూ టీకాల సీసాల మీద చూస్తే వైరస్ రకాల పేర్లలో కెంటకీ అనే మాట కనిపిస్తుంది. ఆ రకాలను వేరుచేసింది అక్కడే.

ఇంత పని పాత భవనాల్లో ఇరుక్కుని సాగుతుండగా మ్యాక్స్‌వెల్ గ్లక్ రంగంలోకి వచ్చాడు. ఆయన బట్టల దుకాణాల గొలుసుతో సంపాదించి, లెక్సింగ్టన్ దగ్గర ఎల్మెన్‌డార్ఫ్ క్షేత్రం కొని గుర్రాలు పెంచినవాడు. అమెరికా చరిత్రలో మాత్రం మరో కారణంగా గుర్తుంటాడు. 1957లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆయన్ను సిలోన్‌కు రాయబారిగా నియమిస్తే, సెనేట్ విచారణలో ఆ దేశపు ప్రధాని ఎవరని సెనేటర్ ఫుల్‌బ్రైట్ అడిగాడు. గ్లక్ చెప్పలేకపోయాడు. భారత ప్రధాని పేరు తెలుసుగానీ పలకడం రాదన్నాడు. నెహ్రూ అనే రెండక్షరాలు నోరు తిరగని మనిషి చేతి మీదుగానే గుర్రాలకు ఇంత మేలు జరగడం విచిత్రమే. పరిశ్రమ, ప్రభుత్వం కూడా తమ వాటా వేయాలనే షరతుతో ఆయన విరాళం ప్రకటించాడు. 1984లో కన్నుమూశాడు. ఆయన పేరుతో గ్లక్ అశ్వ పరిశోధన కేంద్రం 1987లో తలుపులు తెరిచింది. సౌందర్య సాధనాల మహారాణి ఎలిజబెత్ ఆర్డెన్ గుర్రాలు పెంచిన మెయిన్ ఛాన్స్ క్షేత్రం అంతకుముందే, 1960లలో, విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. 1947 డెర్బీ గెలిచిన జెట్ పైలట్ అనే గుర్రం ఆమెదే.

2001 వసంతంలో గ్లక్ కేంద్రానికి అసలు పరీక్ష ఎదురైంది.

ఏప్రిల్ చివర్లో, చూడి నిలిచిందని ఖాయం చేసుకున్న ఆడగుర్రాలను మామూలుగా మళ్ళీ స్కాన్ చేస్తే లోపల పిండాలు చచ్చిపోయి కనిపించాయి. ఒకటి కాదు, రెండు కాదు, క్షేత్రం తరువాత క్షేత్రం. నెలలు నిండిన గుర్రాలు ఈసుకుపోయాయి. మాయ ముందుగా వచ్చి, పిల్ల ఊపిరాడక పోయింది. కొన్ని గుర్రాలకు గుండె చుట్టూ నీరు చేరింది, కొన్నింటికి ఒక కన్ను పోయింది. డెర్బీ జరిగే వారంలో, ఊరంతా అతిథులతో నిండి ఉన్నప్పుడు, విశ్వవిద్యాలయపు రోగనిర్ధారణ ప్రయోగశాల ముందు గుర్రప్పిల్లల కళేబరాలతో బండ్లు బారులు తీరాయి.

దోషి ఎవరు? ఆ ఏడు ముందు ఎండలు కాసి, తరువాత మంచు పడింది. గడ్డికి బూజు పట్టి విషం ఎక్కిందని కొందరన్నారు. అడవి నల్లచెర్రీ ఆకుల్లోని సైనైడ్ అని ఇంకొందరన్నారు. చెర్రీ మాట వచ్చాక ఆ చెట్లను కొరుక్కుతినే గుడారపు గొంగళిపురుగు మీద చూపు పడింది. కొమ్మల సందుల్లో తెల్లటి పట్టు గుడారం అల్లుకుని గుంపుగా బతికే పురుగు అది. ఆ వసంతంలో విపరీతంగా పెరిగి, మేత అయిపోయి, కంచెల మీదా నీటితొట్ల మీదా పచ్చిక మీదా పాకింది. సర్వే చేసిన క్షేత్రాల్లో పురుగు ఎక్కువున్న చోటే నష్టం ఎక్కువ. అయినా గుర్రం గొంగళిపురుగును తింటే గర్భం పోతుందా? మొదట్లో నమ్మినవాళ్ళు తక్కువ.

తరువాతి రెండేళ్ళలో చేసిన ప్రయోగాలు అనుమానం తీర్చాయి. చూడి గుర్రాల కడుపులోకి గొట్టంతో పురుగులను పంపితే గర్భాలు పోయాయి. పురుగు లోపలి భాగాలను పంపితే ఏమీ కాలేదు, పై చర్మాన్ని పంపితే పోయాయి. ఆవిరిలో మరిగించి శుద్ధి చేసిన పురుగు పని చేయలేదు. సైనైడ్‌కు ఇందులో పాత్ర లేదు. గొంగళి ఒంటి మీది ముళ్ళలాంటి నూగు పేగు గోడలో గుచ్చుకుని, పేగులోని బాక్టీరియా రక్తంలోకి దారి చేసుకుంటుందని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. తల్లి ఒంట్లోని రోగనిరోధక శక్తి వాటిని అణచగలదు. పిండానికీ, కంటి లోపలికీ, గుండె సంచికీ ఆ రక్షణ చాలదు. 2001లో రాష్ట్రం నష్టపోయింది సుమారు 33.6 కోట్ల డాలర్లని అంచనా. కొద్దికాలానికే ఆస్ట్రేలియాలోని హంటర్ లోయలో ఇలాంటి గర్భనష్టమే కనిపిస్తే, కెంటకీ కథ తెలిసినవాళ్ళు ముందు చెట్ల మీది పురుగులను వెతికారు. అక్కడా దొరికింది ఒక గొంగళిపురుగే. కెంటకీలో క్షేత్రాల వాళ్ళు చాలాచోట్ల నల్లచెర్రీ చెట్లను కంచె పక్క నుంచి నరికేశారు. పురుగు గుడ్ల నుంచి బయటికొచ్చే కాలం రాగానే విశ్వవిద్యాలయపు కీటక శాస్త్రజ్ఞులు వాళ్ళను హెచ్చరిస్తారు.

ఈ కథలో విశ్వవిద్యాలయం వీరుడు. అన్ని కథల్లోనూ అలా కాదు.

1931లో అదే విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఫెర్గస్, మెనిఫీ కౌంటీ కొండవాలు మీద ఎండకూ చలికీ తట్టుకుని పచ్చగా నిలిచిన ఒక గడ్డిని చూసి ముచ్చటపడి గింజలు తెచ్చాడు. అది 1943లో ‘కెంటకీ 31’ ఫెస్క్యూ పేరుతో విడుదలై అమెరికా ఆగ్నేయమంతా పరుచుకుంది. ఆ గడ్డి అంత మొండిగా ఎందుకు బతుకుతుందో 1970లలో గానీ తెలియలేదు. దాని కాండంలో కంటికి కనిపించని బూజు కాపురముంటుంది. గడ్డిని కాచే ఆ బూజే ఎర్గోవాలిన్ అనే విషం తయారు చేస్తుంది. చూడి గుర్రం దాన్ని మేస్తే పాలు తెప్పించే ప్రొలాక్టిన్ హార్మోను పడిపోతుంది. నెలలు నిండినా ఈనదు, మాయ మందమవుతుంది, ఈనినా పొదుగులో పాలుండవు. తాము పంచిన గడ్డి గురించే ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయపు నిపుణులు క్షేత్రాలకు వెళ్ళి, పచ్చికలో ఎంత ఫెస్క్యూ ఉంది, అందులో విషం ఎంత అని కొలిచి, చూడి గుర్రాలను ఎక్కడ మేపకూడదో చెబుతుంటారు.

నట్టల సంగతీ ఇలాంటిదే. అదే విశ్వవిద్యాలయానికి చెందిన హెరాల్డ్ డ్రడ్జ్, జీన్ లయన్స్ 1966లో, గుర్రాలకు రెండు నెలలకోసారి నట్టల మందు పోయాలని సలహా ఇచ్చారు. అప్పట్లో గుర్రాల ప్రాణం తీస్తున్న పెద్ద రక్తపు నట్ట ఆ పద్ధతితో చాలా క్షేత్రాల్లో కనుమరుగైంది. సలహా ప్రపంచమంతా పాకింది, క్యాలెండరు చూసి మందు పోయడం రివాజైంది. అంత మందు తాగిన చోట చిన్న నట్టలు మందుకు లొంగకుండా తయారయ్యాయి. తరువాత అదే విశ్వవిద్యాలయపు గ్లక్ కేంద్రం నుంచి మార్టిన్ నీల్సన్ లాంటివాళ్ళు చెబుతూ వచ్చింది వేరు. ముందు లద్దె పరీక్ష చేయించండి, గుడ్లు లెక్కపెట్టండి, ఎక్కువగా ఉన్న గుర్రానికే మందు పోయండి. దశాబ్దాలుగా చేతికి అలవాటైన పని మానిపించడం, కొత్త మందు కనిపెట్టడం కన్నా కష్టంగా ఉంది.

కొన్నిసార్లు ఈ విశ్వవిద్యాలయపు ప్రయోగశాలల నుంచి వచ్చేది శాస్త్రం కన్నా పురాణం. 1973లో బెల్‌మాంట్ పందేన్ని 31 గుర్రాల పొడవు తేడాతో గెలిచిన సెక్రటేరియట్ అనే గుర్రం, డెక్కల వాపు ముదిరి 1989 అక్టోబరు 4న మరణించింది. శవపరీక్ష చేసింది కెంటకీ విశ్వవిద్యాలయపు రోగశాస్త్రజ్ఞుడు థామస్ స్వెర్చెక్. ఎన్నో వేల గుర్రాలను కోసి చూసిన ఆయన ఆ గుండెను చూసి నిలబడిపోయాడు. జబ్బు వల్ల ఉబ్బింది కాదు, మామూలు గుండెకు రెండింతలుండే ఆరోగ్యమైన గుండె. దాన్ని తూకం మాత్రం వేయలేదు. తరువాత సెక్రటేరియట్‌కు పాత ప్రత్యర్థి షామ్ చనిపోతే దాని గుండె తూచాడు, 18 పౌండ్లు వచ్చింది. దాన్ని బట్టి సెక్రటేరియట్‌ది 22 పౌండ్లు ఉంటుందని ఊహించి చెప్పాడు. పుస్తకాల్లో, పత్రికల్లో కొలిచిన లెక్కలా తిరిగే ఆ 22 పౌండ్లు ఒక అనుభవజ్ఞుడి కంటి అంచనా.

జన్యుశాస్త్రంలోనూ లెక్సింగ్టన్‌కు చోటుంది. 1995లో అక్కడ మొదలైన అంతర్జాతీయ సమావేశం గుర్రపు జన్యుపటానికి బాట వేసింది, ఎర్నెస్ట్ బెయిలీ దాన్ని సమన్వయం చేశాడు. ట్వైలైట్ అనే థరోబ్రెడ్ ఆడగుర్రపు జన్యుక్రమం 2009లో ‘సైన్స్’ పత్రికలో అచ్చయింది. 2021 వసంతంలో రోజుల వయసు గుర్రప్పిల్లలు నీళ్ళ విరేచనాలతో పడిపోతుంటే, తల్లులకు వేసే రోటావైరస్ టీకా ఎందుకు పనిచేయలేదో తేల్చింది కూడా గ్లక్ కేంద్రమే. టీకా ‘ఏ’ రకానికి, పిల్లల్లో దొరికింది ‘బీ’ రకం.

చదువు విషయానికొస్తే, అశ్వ విజ్ఞానం, నిర్వహణలో డిగ్రీ ఇక్కడ ఈ శతాబ్దంలోనే మొదలైంది. పశువైద్యం కాకపోయినా పచ్చిక, మేత, పెంపకం, వ్యాపారం కలిసిన చదువు. రాష్ట్రంలోని 120 కౌంటీల్లో విశ్వవిద్యాలయపు విస్తరణాధికారులు ఉంటారు. రెండు గుర్రాలున్న చిన్న రైతు ప్రశ్న వాళ్ళ ద్వారానే లెక్సింగ్టన్ చేరుతుంది.

విశ్వవిద్యాలయ క్షేత్రంలో 1979 నుంచి నట్టల మందు ఒక్క చుక్కా ఎరగని గుర్రాల మంద ఒకటి మేస్తోంది. ఊళ్ళో ఇంకెక్కడా దొరకని పాత రకం నట్టలు వాటి కడుపులో ఇంకా ఉన్నాయి. కొత్త మందు ఏదైనా వస్తే పరీక్షించడానికి, పాత నట్ట ఎలా ఉండేదో చూడటానికి పరిశోధకులు దగ్గరుండి కాపాడుకుంటున్న మంద అది.