కరవుపనిలో కూలివాని దేహసాక్ష్యము

పనిచేయుచోట జరుగు దౌర్జన్యమును గూర్చియు, దానివలన పనివారి దేహమునకును మనస్సునకును కలుగు హానిని గూర్చియు నేడు విశ్వవిద్యాలయములలో విరివిగా పరిశోధనలు జరుగుచున్నవి. పైయధికారి పరుషవర్తనము క్రిందివారిని ఎట్లు క్రుంగదీయునో అమెరికా పండితుడు బెన్నెట్ టెప్పర్ 2000 సంవత్సరమున పరిశీలించి ప్రకటించెను. 2019 జూను నెలలో జెనీవాలో అంతర్జాతీయ కార్మికసంస్థ ఒక ఒడంబడికను అంగీకరించి, పనిచోటి హింసకు నిర్వచనము చెప్పినది. అందు మనుష్యుల ప్రవర్తనతోపాటు పద్ధతులును చేరినవి. దేహమనస్సులకు కలుగు హానితోపాటు ఆర్థికమగు హానియు చేరినది. అనగా కొట్టిన చేయివలెనే కడుపుకొట్టిన నిబంధనయు హింస కావచ్చును. ఈ మాట క్రొత్తగా తోచవచ్చును గాని, దీనికి మన అనంతపురపు మెట్టభూములలో 1877 నాటి నిదర్శనము కలదు. దానినే ఈ ప్రసంగమున మీకు విన్నవింపదలచితిని.

అనంతపురముసీమ వానలేమి మీరెరుగనిది కాదు. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్యపు వానలు తూర్పుతీరమున కురిసి, ఇచ్చటికి వచ్చునప్పటికి సన్నగిల్లును. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో ఈ సీమ బ్రతుకవలెను. 1876లో ఆ వానయు తప్పినది. అది ధాత సంవత్సరము. అందుచే మనవారు దానిని ధాత కరవనిరి. అనంతపురము అప్పటికి ప్రత్యేకమైన జిల్లా కాదు. బళ్లారి జిల్లాలో చేరియుండి, 1882లో వేరుపడినది. గాదెలు వట్టిపోయి, పశువులు చచ్చి, గింజల ధర అందరానిది కాగా, జనులు సర్కారువారు తెరచిన కరవుపనులకు పోయిరి. నాగలిపట్టిన రైతును, మగ్గము విడిచిన నేతగాడును, వారి ఆలుబిడ్డలును ఒకేచోట కూర్చుండి కంకర కొట్టిరి, మట్టి మోసిరి. ఆ పనిచోటనే వారికి అన్నము. అది తప్ప వేరు దిక్కు లేదు.

1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా చాటు దర్బారు జరిగెను. అదే నెలలో రాజప్రతినిధి లిట్టన్ ప్రభువు, కరవు వ్యయమును అదుపులో పెట్టుటకై సర్ రిచర్డు టెంపిలు దొరను చెన్నరాజధానికి పంపెను. ఈ టెంపిలు 1873-74లో బీహారు కరవున ధారాళముగా వ్యయముచేసి ప్రజలను కాపాడినవాడు; అందులకై దుబారా చేసెనని సీమలో నిందపడినవాడు. ఈ తూరి ఆయన చేతిని బిగించెను. పనిచేయు పురుషునకు దినమునకు ఒక పౌను గింజల వెలయు, దానిపై అర్ధణాయు చాలునని నిర్ణయించెను. స్త్రీలకును పిల్లలకును అంతకంటె తక్కువ. పౌను అనగా ఎనుబది తులముల సేరులో సగమునకు కొంచెము తక్కువ. దినమంతయు ఎండలో రాయి కొట్టువానికి ఇది ఆహారము. ఇది చరిత్రలో టెంపిలు కూలియని పేరుపడినది.

దీనిని ఎదిరించినవాడు సర్కారు ఉద్యోగియే. ఆయన పేరు డాక్టరు కార్నిష్. చెన్నరాజధానికి శానిటరీ కమీషనరు. 1871 నాటి జనాభాలెక్కల నివేదికను వ్రాసినవాడును ఈయనయే. ఈ రాజధాని ప్రజలు ఏమి తిందురు, ఎంత తిందురు అను విషయమును అంతకు ముందే విచారించియుండెను. ఆయన చూపిన మొదటి ప్రమాణము చెరసాల. చెరలో కఠినశిక్ష ననుభవించు ఖైదీకి సర్కారువారు పెట్టు తిండికంటె, ఏ నేరమును చేయని కరవుకూలీకి ఇచ్చునది తక్కువగా నుండెను. రెండవది వైద్యశాస్త్రము. చాలని తిండితో పనిచేయువాడు వెంటనే పడిపోడు. దేహము మొదట తన క్రొవ్వును, పిమ్మట తన కండను తానే తినివేసికొనుచు కొన్నివారములు నెట్టుకొనివచ్చును. ఆ తరువాత అతిసారమో జ్వరమో వచ్చినప్పుడు తట్టుకొను సత్తువ యుండదు. చావు రోగము పద్దున పడును. కూలి పద్దున పడదు.

టెంపిలు దొర వాదము వేరు. తాను పనిచోట్లకు పోయి కూలీల గుంపులను చూచితిననియు, వారు చిక్కినట్లు కనబడలేదనియు ఆయన చెప్పెను. ఈ వివాదమునకు కీలకము ఇచ్చటనే కలదని నాకు తోచుచున్నది. గుఱ్ఱముపై వచ్చి చూచినవానికి నిలుచున్నవారే కనబడుదురు. పనికి రాలేక గుడిసెలో పడియున్నవాడు, మార్గమధ్యమున కూలినవాడు ఆ గుంపులో ఉండరు. కంటితో చూచుట వేరు, తూచి లెక్కించి చూచుట వేరు. కార్నిష్ కోరినది ఈ రెండవది.

టెంపిలునకు అనుకూలముగా ఒకమాట చెప్పవలెను. పనిలేని పెద్దపద్దులు, దొంగలెక్కలు కరవుపనులలో లేకపోలేదు. సర్కారు సొమ్మునకు కాపుదల వలసినదే. కాని ఆ కాపుదల భారమంతయు కూలివాని కడుపుపై పడినది. బొంబాయి రాజధానిలో ఇట్టి నిబంధనలకు లోబడక వేలాదిమంది పనులను విడిచిపోయిరి. పూనా సార్వజనికసభ వారి పక్షమున వాదించెను. చెన్నరాజధానిలో పత్రికలును వైద్యులును వాదింపగా, గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు ప్రభుత్వము 1877 మే నెలలో కూలిని పెంచెను. మద్రాసు టైమ్సు సంపాదకుడు విలియం డిగ్బీ ఈ చరిత్రమునంతను 1878లో రెండు సంపుటములుగా వ్రాసెను. మైక్ డేవిస్ అను చరిత్రకారుడు 2001లో ప్రకటించిన గ్రంథమున, టెంపిలు కూలి వలన లభించు ఆహారమును 1,627 క్యాలరీలుగా లెక్కగట్టెను.

అనంతపురముసీమలో 1871 నాటి జనసంఖ్యకంటె 1881 నాటిది సుమారు అయిదవవంతు తగ్గినది. కలరా, జ్వరములు, వలసలు, ధాన్యము అందకపోవుట, వీనియన్నిటికిని అందు పాలు కలదు. అదంతయు ఒక్క కూలివలననే యనుట న్యాయము కాదు. కాని చిక్కిన దేహములను రోగమునకు అప్పగించిన పద్ధతులలో అదియు ఒకటి యనుటకు సందేహము లేదు. 1880లో కరవు కమీషను తన నివేదికను సమర్పించెను. 1883లో కరవు నిబంధనావళి వెలువడెను. కూలివాని ఆరోగ్యము నిలుచునంత కూలి ఇయ్యవలెనను సూత్రము అప్పటినుండి కాగితముపైనైనను నిలిచినది.

ఈ కథకు ఇదే సీమలో మరియొక ఘట్టము కలదు. 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టము 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా నార్పల మండలములోని బండ్లపల్లి గ్రామమున ప్రధాని మన్మోహన్ సింగు సమక్షమున ఆరంభింపబడినది. ధాత కరవునాడు దూరమే పరీక్ష; నిజముగా అవసరమున్నవాడే నడచివచ్చునని, పనిని ఊరికి దూరముగా పెట్టు పద్ధతి యుండెను. 2005 నాటి చట్టము దానిని తలక్రిందులు చేసి, పని అయిదు కిలోమీటర్లలోపల ఉండవలెననియు, అంతకు మించినచో నూటికి పదివంతులు అధికకూలి ఇయ్యవలెననియు విధించెను. త్రాగునీరు, బిడ్డలకు నీడ, ప్రథమచికిత్స పెట్టె పనిచోట ఉండవలెననెను. అవి అంతటను అమరెనని నేననను. కాని అడుగుటకు కూలివానికి హక్కు పుట్టినది.

ధాత కరవు వాదమునంతను చదివినప్పుడు నాకొక లోటు కనబడుచున్నది. అందు టెంపిలు మాట కలదు, కార్నిష్ మాట కలదు, డిగ్బీ మాట కలదు. కంకర కొట్టిన స్త్రీ మాట లేదు. ఆమె పక్షమున ఆమె దేహమే సాక్ష్యము చెప్పవలసివచ్చెను. ఆ సాక్ష్యమును చదువనేర్చిన వైద్యుడొకడు అధికారములో ఉండుట ఆనాటి అదృష్టము. 1979లో రాబర్టు కరాసెక్ అను పండితుడు, పనిభారము హెచ్చుగాను, పనిపై తనకు గల అధికారము స్వల్పముగాను ఉన్నవారికే మనస్తాపము మిక్కుటమని చూపెను. ఆయన ఆధారపడినది పనివారు తమ నోట చెప్పిన సమాధానములపైననే. కూలిరేటు నిర్ణయించు ప్రతి కచ్చేరిలోను, పని కొలుచు ప్రతి టేపుదగ్గరను, మొదట అడుగవలసిన ప్రశ్న అదియే: ఈ కూలితో, ఈ పనితో నీవు ఎట్లున్నావు? దేహము కూలిన తరువాత లభించు సమాధానమును ఈ సీమ ఒకమారు చూచియున్నది.