ఉంగరం మీద పిండం

మా అడివివరంలో అమ్మమ్మ పెట్టను పొదగేసిన పద్దెనిమిదో నాడు గుడ్లను గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో వదిలేది. లోపల పిల్ల బతికుంటే గుడ్డు ఊగుతుంది. ఊగనిదాన్ని పక్కన పెట్టేసేది.

డిగ్రీలో జువాలజీ తీసుకున్నాక నేర్పింది దానికి తలకిందులు. 24, 33, 48, 72 గంటల కోడి పిండాలు, బోరాక్స్ కార్మైన్‌తో ఎర్రగా రంగెక్కి, స్లైడు మీద అతుక్కుపోయి ఉండేవి. వరుసగా చూస్తే ఒకే పిల్ల ఎదుగుతున్నట్టు అనిపించేది. నిజానికవి నాలుగు చావులు. అరిస్టాటిల్ నాటి నుంచీ అంతే. మూడు రోజుల గుడ్డులో ఎర్రటి చుక్క కొట్టుకోవడం చూసి రాశాడాయన. మర్నాడు చూసింది ఇంకో గుడ్డు. మా సింహాచలం అప్పన్నస్వామి చందనం వొలిపించుకుని ఏడాదికొక్కరోజైనా నిజరూపం చూపిస్తాడు. గుడ్డు పెంకు పగిలితే గానీ చూపించదు, పగిలాక బతకదు.

ఈ చిక్కు విప్పినవాళ్ళలో ముఖ్యుడు డెనిస్ న్యూ. 1955లో ఆయన చెప్పిన ఉపాయం చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ఒక రోజు పొదిగిన గుడ్డును సెలైన్‌లో పగలగొట్టి, పచ్చసొన చుట్టూ ఉండే పల్చటి పొరను పిండంతో సహా ఒలుస్తారు. దాన్ని వాచ్ గ్లాసులో పిండం పైకి ఉండేలా పరిచి, మీద గాజు ఉంగరం పెట్టి, పొర అంచులను ఉంగరం మీదికి మడుస్తారు. డప్పుకు తోలు బిగించినట్టన్నమాట. పొర కింద కాస్త పల్చటి తెల్లసొన, చుట్టూ తేమ, 38 డిగ్రీల వెచ్చదనం. పిండం అంచు కణాలు ఆ పొరను పట్టుకుని బయటికి పాకుతాయి; బిగువు సడలితే పిండం ముడుచుకుపోతుంది. పట్టి ఉంచాలి, కానీ ఎదుగుదలకు అడ్డం రాకూడదు. పనితనమంతా అక్కడే. ఎడిన్‌బరోలో పిండశాస్త్రవేత్త వాడింగ్టన్ దగ్గర పనిచేసి వచ్చిన లీలా ముల్హెర్కర్ పుణె విశ్వవిద్యాలయంలో కోడి పిండాలను ఇలా గుడ్డు బయట పెంచే పనిని నిలబెట్టారు.

లెక్చరర్‌నయ్యాక నేనూ గాజు గొట్టం కోయించి ఉంగరాలు చేయించాను. మొదటిదానికి తెల్లసొన పైకి ఎక్కి పిండం తేలిపోయింది. రెండోదాన్ని కరెంటు కోత తినేసింది. మూడోది నిలిచింది. కెమెరా లేదు, గంటగంటకీ పెన్సిలుతో బొమ్మ గీసుకున్నాను. అర్ధరాత్రి దాటాక ఒక చిన్న గొట్టం ఉలిక్కిపడింది. మళ్ళీ ఆగింది. మళ్ళీ కదిలింది. ముప్పైమూడు గంటల స్లైడులో ఎన్నేళ్ళుగానో నేను సూదితో చూపిస్తూ వచ్చిన గుండె అది.

ఇప్పుడు ల్యాబుల్లో జీబ్రా చేప పిండాన్ని పల్చటి అగరోజ్ జెల్లులో కూర్చోబెడితే, కెమెరా నిమిషానికో ఫొటో తీసుకుంటూ పోతుంది. మంచిదే. కానీ మన కాలేజీలకు వాచ్ గ్లాసు, గాజు ఉంగరం, ఒక నాటుకోడి గుడ్డు చాలు. మేష్టార్లూ, ఈ ఏడాది ప్రాక్టికల్స్‌లో పిల్లలకు ఒక్క గుండెనైనా కొట్టుకుంటుండగా చూపించండి.